కావ్యకంఠునికి మౌనోపదేశము

భక్తి యనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది పాట. ఇల్లందు నుండి భద్రాచలమునకు అడవి దారిని పోవు యాత్రికుల నోట రామనామము మ్రోగుచునే యుండును. గోలకొండ చెరసాలలో గోపన్నకు తోడుగా నిలిచినది కీర్తనమే. అన్నమాచార్యుడు పాడెను, త్యాగయ్య పాడెను, పోతన పద్యమున పలికెను. పలుకునే పూజాద్రవ్యముగా చేసికొనిన ఈ జాతిలో పుట్టి, పలుకునందు అసాధారణమైన అధికారము సంపాదించి, తుదకు పలుకు లేనిచోట తన ప్రశ్నకు సమాధానము పొందిన మహాపండితుడు ఒకడు కలడు. ఆయన కావ్యకంఠ వాసిష్ఠ గణపతి ముని.

మౌనముచే బోధించుట మన దేశమున క్రొత్త పద్ధతి కాదు. శివాలయముల దక్షిణపు గోడయందు దక్షిణామూర్తి విగ్రహమును పలువురు చూచియే యుందురు. మర్రిచెట్టు నీడన కూర్చున్న గురువు యువకుడు. ఆయన పాదములకడ నున్న సనకాది శిష్యులు వృద్ధులు. గురువు పెదవి కదల్పడు. ఆయన చేతి చిన్ముద్రయే పాఠము. శంకరాచార్యులు తమ బ్రహ్మసూత్ర భాష్యమున మరియొక కథను స్మరించిరి. బాష్కలి యను శిష్యుడు బాధ్వుడను గురువును సమీపించి బ్రహ్మమును గూర్చి తెలుపుమని కోరెను. గురువు ఊరకుండెను. శిష్యుడు మరల మరల అడిగెను. అప్పుడు గురువు, తాను చెప్పుచునే యున్నాననియు, శిష్యుడే గ్రహింపకున్నాడనియు, ఆత్మ ఉపశాంతమైనదనియు తెలిపెను.

ఈ కథను తరగతిలో చెప్పినపుడు తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయక మానడు. గురువు ఊరకుండుటయే బోధ యైనచో చదువెందులకు? ఇన్ని గ్రంథము లెందులకు? ఏమియు తెలియనివాడును ఊరకుండును గదా. ఆ మౌనమునకు, జ్ఞాని మౌనమునకు భేదమెట్లు తెలియును? శాస్త్రచర్చకంటె గణపతి ముని జీవితము ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానము చెప్పగలదు.

ఆయన 1878వ సంవత్సరము నవంబరు 17వ తేదీన బొబ్బిలికి సమీపమున నున్న కలువరాయి గ్రామమున జన్మించెను. అది నేటి విజయనగరం జిల్లాలోనిది. తండ్రి అయ్యలసోమయాజుల నరసింహశాస్త్రి, తల్లి నరసమాంబ. తండ్రి మంత్రశాస్త్రమునందును, జ్యోతిషమునందును పరిశ్రమ చేసినవాడు. కుమారుడు పుట్టునాటికి ఆయన కాశిలో డుంఠి గణపతి సన్నిధిని ఉండెననియు, ఆ కారణముననే బాలునికి గణపతి యని పేరు పెట్టిరనియు చెప్పుదురు.

తరువాతి కాలమున వాక్కునకు మారుపేరైన ఆ బాలునికి ఆరేండ్లు వచ్చువరకు మాట రాలేదు. తరచు మూర్ఛలు వచ్చెడివి. కాల్చిన ఇనుముతో వాత పెట్టు నాటి మొరటు చికిత్స తరువాత బాలుడు తేరుకొనెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. మాట వచ్చినది మొదలు విద్య వరదవలె వచ్చెను. తండ్రియొద్దనే గణితము, జ్యోతిషము నేర్చెను. కావ్యములు, వ్యాకరణము, అలంకారశాస్త్రము బాల్యముననే వశమయ్యెను. పదేండ్ల వయసునకే శ్లోకములల్లుట ఆయనకు ఆటవంటిది. నాటి ఆచారమును బట్టి చిన్నతనముననే విశాలాక్షితో వివాహమయ్యెను.

రామాయణ భారతములను చదివినకొలది పూర్వఋషుల తపస్సు ఆ యువకుని మనసును పట్టి యీడ్చెను. ధ్రువుడు, విశ్వామిత్రుడు తపస్సుచే సాధించినది ఈ యుగమున సాధ్యము కాకపోవునా యని ఆయన తలంచెను. పదునెనిమిదేండ్ల వయసునుండి పుణ్యక్షేత్రముల వెంట తిరిగెను. కాశి, ప్రయాగ, నాసికము, భువనేశ్వరము మొదలగు తావులలో జపము చేసెను. ఈ తపస్సునందు స్వర్గాపేక్షకంటె దేశచింత అధికముగా నుండెను. పరాధీనమై, దరిద్రమై యున్న భారతభూమిని మంత్రశక్తిచే మేల్కొల్పవలెనని ఆయన సంకల్పము. ఈ సంకల్పము ఆయనను జీవితాంతము విడువలేదు.

1900వ సంవత్సరమున ఆయన వంగదేశములోని నవద్వీపమునకు వెళ్ళెను. నవద్వీపము చైతన్య మహాప్రభువు జన్మస్థలము, నవ్యన్యాయ పండితులకు పెట్టినకోట. అచ్చటి హరిసభలో విద్వాంసులు కూడి పరీక్షించి బిరుదములు ఇచ్చెడివారు. దక్షిణదేశము నుండి వచ్చిన ఈ ఇరువది రెండేండ్లు నిండని యువకుని అంబికాదత్తుడు మొదలైన పండితులు పరీక్షించిరి. సమస్యల నిచ్చిరి, వర్ణనలు కోరిరి, కావ్యసందర్భములు విప్పుమనిరి. ఆయన తడుముకొనక ఆశువుగా శ్లోకములు చెప్పెను. సభ సంతోషించి కావ్యకంఠ బిరుదము నొసగెను. కావ్యము కంఠమునందే కాపురమున్నవాడని ఆ బిరుదమునకు భావము. ఆరేండ్లవరకు మూగయై యుండిన బాలుడు దేశమునందలి పండిత సభలలో నొకదానిచే ఇట్లు గౌరవింపబడెను.

కీర్తి వచ్చెను గాని శాంతి రాలేదు. మంత్రములు లక్షల సంఖ్యలో జపించియు, ఉపనిషత్తులను ఆమూలాగ్రముగా చదివియు, తపస్సనగా నేమో తనకు తెలియలేదని ఆయనకు తోచుచుండెను. పండితునకు ఇంతకంటె పెద్ద కష్టము లేదు. తెలియనివాడు తెలిసినవాని యొద్దకు పోవును. అన్నియు తెలిసినవాడని లోకము మ్రొక్కువాడు ఎవరియొద్దకు పోవలెను?

1903లో ఆయన అరుణాచలమునకు, అనగా తిరువణ్ణామలైకి వచ్చెను. అప్పటికే ఆ కొండమీద ఒక యువతాపసి ఉండెను. అతడు 1879 డిసెంబరు 30వ తేదీన మధుర ప్రాంతమునందలి తిరుచ్చుళిలో పుట్టిన వేంకటరామన్. పదునారేండ్ల వయసున, 1896లో, మధురలోని పినతండ్రి ఇంట ఒంటరిగా నుండగా మరణభయము అతనిని పట్టెను. ఆ భయమునుండి పారిపోక, చచ్చునది యెవరని లోపలికి చూచుకొని, దేహము పోయినను పోని వస్తువును గుర్తించెను. ఆ యేడాది ఇల్లు విడిచి సెప్టెంబరు 1వ తేదీన అరుణాచలము చేరెను. మరల ఆ క్షేత్రమును విడువలేదు.

ఆ యువకుని మౌనము వ్రతము కాదు. మౌనమును పాటింతునని అతడు సంకల్పించినవాడు కాడు. మాటాడవలెనను కోరిక పుట్టలేదు. 1898లో తల్లి అళగమ్మ వచ్చి ఇంటికి రమ్మని ఏడ్చినను నోరు విప్పలేదు. చుట్టునున్నవారు బతిమాలగా, ప్రారబ్ధమును బట్టి జరుగవలసినది జరుగును గనుక ఊరకుండుటయే మేలని కాగితముపై వ్రాసి ఇచ్చెను. 1902 ప్రాంతమున శివప్రకాశం పిళ్ళ యను ఉద్యోగి నేనెవడనను విచారమును గూర్చి ప్రశ్నలడుగగా, సమాధానములు వ్రాతగానే వచ్చెను. నేను ఎవడను అను ప్రసిద్ధ గ్రంథమునకు మూలము ఆ వ్రాతలే.

గణపతి శాస్త్రి తొలిరాకలోనే ఈ బ్రాహ్మణస్వామిని చూచెను. కాని అప్పటికి తన ప్రశ్న పక్వము కాలేదు. వేలూరునకు పోయి ఉపాధ్యాయుడుగా పనిచేసెను. విద్యార్థులను కూడగట్టి, దేశక్షేమము కొరకు మంత్రజపము చేయించెను. పాఠము చెప్పినకొలది, జపము చేసినకొలది లోపలి వెలితి పెరిగెను. 1907లో ఉద్యోగము విడిచి మరల అరుణాచలము చేరెను.

ఆ సంవత్సరము నవంబరు 18వ తేదీ. కార్తిక దీపోత్సవ దినములు. ఊరంతయు యాత్రికులతో నిండియుండెను. మిట్టమధ్యాహ్నము దాటిన ఎండలో కావ్యకంఠుడు ఒంటరిగా కొండ యెక్కి విరూపాక్ష గుహను చేరెను. స్వామి వెలుపలి అరుగుపై ఒక్కడే కూర్చుండి యుండెను. పండితుడు సాష్టాంగపడి ఆయన పాదములను రెండు చేతులతో పట్టుకొనెను. చదువదగినదంతయు చదివితిననియు, వేదాంతశాస్త్రము తెలిసికొంటిననియు, తృప్తితీర జపము చేసితిననియు, అయినను తపస్సనగా నేమో ఈ నాటికిని తెలియలేదనియు వణకు కంఠముతో విన్నవించెను.

స్వామి మాటాడలేదు. పదునైదు నిముషముల సేపు ఆయన ముఖమునే చూచుచుండెను.

నవద్వీపమున ఈ కంఠము ఒక్క నిముషమైనను ఆగలేదు. సమస్య వినబడునంతలోనే శ్లోకము సిద్ధమయ్యెడిది. ఇచ్చట ప్రశ్న వేసినవాడు తానే; సమాధానము చెప్పవలసినవాడు ఊరకున్నాడు. ఆ పావుగంటలో పండితుడు మరియొక మాట కలుపలేదు, శాస్త్రమును ఉదాహరింపలేదు, వెనుదిరిగి పోలేదు. వేచియుండెను. ఆయన పాండిత్యము మొదటిసారి అడుగుటకు కాక వినుటకు ఉపయోగపడెను.

పిమ్మట స్వామి తమిళమున మెల్లగా పలికెను. నేను అను తలంపు ఎచ్చటనుండి పుట్టుచున్నదో అచ్చట చూచినచో మనసు అందే లీనమగుననియు, అదియే తపస్సనియు చెప్పెను. మంత్రమును జపించునపుడు ఆ ధ్వని ఎచ్చటనుండి వెలువడుచున్నదో గమనించినను మనసు అచ్చటనే అణగుననియు, అదియు తపస్సే యనియు చెప్పెను.

ఈ సమాధానమునందలి రెండవ భాగము గమనింపదగినది. మొదటి భాగము విచారమార్గము; ఎవరికైనను చెప్పదగినది. రెండవ భాగము ఆ వచ్చినవానికే తగినది. జీవితమంతయు మంత్రమును నమ్మినవానిని మంత్రము విడువుమనలేదు. మంత్రము పుట్టు చోటును చూడుమనెను. మౌనము మూఢుని ఊరకుండుటవంటిది కాదనుటకు ఇదియే నిదర్శనము. శిష్యుని కొలిచి, అతని చేతనున్న పనిముట్టునే ఇటు త్రిప్పి చూపిన గురువు ఆయన. ఉపాధ్యాయులు దినదినమును చేయదలచి చేయలేక పోవు పని ఇదియే గదా.

నాటి సాయంకాలము వరకు గణపతి శాస్త్రి అచ్చటనే యుండెను. స్వామి పేరేమని పరిచారకుడు పళనిస్వామిని అడిగి వేంకటరామన్ అని తెలిసికొనెను. ఆ పేరును రమణ యని కుదించి స్తుతిశ్లోకములు రచించెను. తన బంధువులకును, శిష్యులకును లేఖ వ్రాయుచు, ఆ ఉపదేశము అపూర్వమనియు, ఆయనను భగవాన్ మహర్షి యని పిలువవలెననియు తెలిపెను. లోకమంతట నేడు ప్రసిద్ధమైన రమణ మహర్షి యను నామము ఇట్లు ఒక తెలుగు పండితుని నోట పుట్టినది. పేరు చెప్పుకొనని మౌనికి పేరు పెట్టుట మాటలరేని వంతయ్యెను.

మౌనోపదేశము పొందినవాడు మౌని యగునని తలంతుము. ఇచ్చట అట్లు జరుగలేదు. అట్టి గురువును ప్రసాదించినందులకు జగన్మాతకు కృతజ్ఞతగా కావ్యకంఠుడు వేయి శ్లోకములు సమర్పింప సంకల్పించెను. అదే నవంబరు 26వ తేదీన మామిడిగుహలో ప్రారంభించి మూడు వారములలోపుగనే ముగించెను. అదియే ఉమాసహస్రము. నలువది స్తబకములు, స్తబకమునకు ఇరువదియైదు శ్లోకములు, నానా ఛందస్సులు. తుదినాటి రాత్రి శ్లోకములు ఇంకను మిగిలియుండగా, లేఖకులను చుట్టు కూర్చుండబెట్టుకొని ఆశువుగా చెప్పుచు వ్రాయించెననియు, ఆ సమయమున మహర్షి ప్రక్కన కన్నులు మూసికొని కూర్చుండెననియు చెప్పుదురు. నవద్వీపమున సభను మెప్పించుటకు పుట్టిన ఆశుధార, అరుణాచలమున మౌనియొకని ప్రక్కన కూర్చుండి ప్రార్థనయయ్యెను.

1908లో ఆయన మద్రాసునకు సమీపమున నున్న తిరువొత్తియూరు గణపతి ఆలయమున పదునెనిమిది దినములు తానే మౌనవ్రతము పట్టెను. తుదిదినమున మనసు కలవరపడగా, మహర్షి వచ్చి తన శిరముపై చేయి యుంచినట్లు ఆయనకు గోచరించెను. మహర్షి అరుణాచలము విడిచి పోయినవాడు కాడు. ఏండ్లు గడచిన పిమ్మట ఈ మాట ప్రస్తావనకు రాగా, మహర్షియు తనకు ఆ కాలమున కలిగిన అట్టి అనుభవమునే చెప్పెనని ఆశ్రమ చరిత్రలు తెలుపుచున్నవి. భక్తులు దీనిని మహిమగా తలంతురు. నమ్మనివారును ఒక్కటి అంగీకరింపవచ్చును. వ్రతముగా పట్టిన మౌనము కఠినమైనది. అందు మనసు మరింత మాటాడును. నోరు మూసికొనుట వేరు, మాట పుట్టుచోట నిలుచుట వేరు.

ఈ విషయమున మహర్షి అభిప్రాయము స్పష్టము. మౌనము ఎడతెగని ఉపదేశమనియు, మాట దానికి అడ్డు తగులుననియు, మౌనమును గ్రహింపలేనివారి కొరకే మాట యవసరమనియు ఆయన తరచు చెప్పెడివాడు. తత్త్వరాయుని కథను ఉదాహరించెడివాడు. తత్త్వరాయుడు తన గురువగు స్వరూపానందునిపై భరణి కావ్యము చెప్పెను. వేయి ఏనుగులను చంపిన వీరునిపై చెప్పవలసిన కావ్యమును సన్న్యాసిపై చెప్పుటేమని పండితులు ఆక్షేపించిరి. అందరును గురువునొద్దకు పోయిరి. ఆయన ఏమియు పలుకక కూర్చుండెను. దినములు గడచెను, వచ్చినవారి మనసులును అణగెను. తేరుకొనిన పిమ్మట, మనసను మదగజమును అణచిన ఈయనముందు వేయి ఏనుగులు లెక్కలోనివి కావని వారే ఒప్పుకొనిరి.

అట్లని మహర్షి మాటను త్రోసివేసినవాడు కాడు. అడిగినవారికి చెప్పెను. 1913 నుండి 1917 వరకు కావ్యకంఠుడును, ఆయన శిష్యులును వేసిన ప్రశ్నలకు మహర్షి ఇచ్చిన సమాధానములే శ్రీరమణగీత. పదునెనిమిది అధ్యాయములుగా, మూడువందల శ్లోకములుగా కావ్యకంఠుడు దానిని సంస్కృతమున కూర్చెను. అందొక అధ్యాయము ఆయన భార్య విశాలాక్షి అడిగించిన ప్రశ్నలపై నడచినది. వైరాగ్యము పండిన స్త్రీ సన్న్యసింపవచ్చునా? జ్ఞానము పొందిన స్త్రీ దేహమును దహింపవలెనా, సమాధి చేయవలెనా? శాస్త్రమున స్త్రీకి నిషేధము లేదనియు, జ్ఞానమునందు స్త్రీపురుష భేదము లేదు గనుక జ్ఞానినియగు స్త్రీ దేహమును దహింపరాదనియు మహర్షి తెలిపెను. 1922 మే 19వ తేదీన మహర్షి తల్లి దేహము విడిచినపుడు ఈ నిర్ణయమునే అనుసరించి కొండ దిగువన సమాధి చేసిరి. నేటి రమణాశ్రమము ఆ సమాధిచుట్టు పెరిగినదే. ఒక గృహిణి అడిగిన ప్రశ్న మరియొక తల్లి సమాధికి ఆధారమయ్యెను. మౌనియొద్దను అడుగవలసిన ప్రశ్న అడుగకున్నచో ఇది జరిగియుండునా?

ఆశ్రమమున అందరును కావ్యకంఠుని నాయన యని పిలిచెడివారు. తెలుగువారు తండ్రిని పిలుచు ఆ పిలుపునే తమిళుడగు మహర్షియు వాడెను. శిష్యుడు గురువుకంటె వయసున ఒక సంవత్సరము పెద్దవాడు. దక్షిణామూర్తి చిత్రమున గురువు యువకుడు, శిష్యుడు వృద్ధుడు. ఇచ్చట ఆ వ్యత్యాసము ఒక్క యేడాదిగా మిగిలినది.

నాయన గుహలోనే కూర్చుండిపోలేదు. అస్పృశ్యతకు వేదమున ప్రమాణము లేదని వాదించెను. స్త్రీలకు మంత్రాధికారము కలదనెను. కొంతకాలము కాంగ్రెసులో పనిచేసి, 1924లో గాంధీ మహాత్ముని అధ్యక్షతన బెళగావిలో జరిగిన మహాసభకు వెళ్ళెను. 1926లో విశాలాక్షి మరణించెను. 1928లో పుదుచ్చేరికి పోయి అరవిందాశ్రమమును దర్శించెను. పిమ్మట ఉత్తర కన్నడ ప్రాంతమునందలి శిరసిలో నివసించెను. మహర్షి తమిళమున రచించిన ఉళ్ళదు నార్పదును సద్దర్శనమను పేర సంస్కృత శ్లోకములలోనికి తెచ్చెను. ఆయన శిష్యుడు కపాలిశాస్త్రి దానికి భాష్యము వ్రాసెను. తమిళము తెలియని ప్రాంతములకు మహర్షి తత్త్వము చేరుటకు ఈ శ్లోకములు గొప్ప సాధనమయ్యెను.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్నను దాటిపోరాదు. పావుగంటలో ఉపదేశము పొందినవాడు మరి ఇరువది తొమ్మిదేండ్లు తపస్సు కొరకు ఊరూర తిరుగనేల? దేశోద్ధరణ సంకల్పము, మంత్రసిద్ధి యత్నము చివరివరకు ఆయనను వీడలేదు. ఇన్ని సంకల్పములున్నవానికి పూర్ణానుభవము ఎట్లు కలుగునని మహర్షి ఒకప్పుడు అన్నట్లు ఆశ్రమవాసుల జ్ఞాపకములలో కలదు. శిష్యులు కొందరు దీని నంగీకరింపరు. తీర్పు చెప్పుట మన పని కాదు. మౌనము దారి చూపును. నడువవలసినవాడు తన కాళ్ళతో, తన బరువుతోనే నడువవలెను. నాయన బరువు దేశముపై ప్రేమ. దానిని దించుకొనుటకు ఆయన ఒప్పుకొనలేదు.

1936 జులై 25వ తేదీన వంగదేశమున ఖర్గపూరు సమీపమునందలి నింపురలో ఆయన దేహము విడిచెను. కలువరాయిలో మూగబాలుడుగా ప్రారంభమైన యాత్ర, కావ్యకంఠ బిరుదము పొందిన దేశముననే ముగిసెను. తంతివార్త అరుణాచలము చేరినపుడు మహర్షి కన్నులు చెమర్చెననియు, అట్టివాడు మరి దొరకుట కష్టమని అనెననియు చెప్పుదురు.

మహర్షి 1950 ఏప్రిల్ 14వ తేదీన సిద్ధి పొందెను. ఆయన మలయాళముతోపాటు తెలుగును నేర్చి, 1947లో ఏకాత్మపంచకమును మొదట తెలుగుననే రచించెను. సూరి నాగమ్మ లేఖలు ఆశ్రమ జీవితమును తెలుగు ఇండ్లకు తెచ్చెను. జీవితమంతయు మాటతో సంఘమును ఎదిరించిన చలము 1950లో అరుణాచలమునకే చేరుకొనెను. ఈ దారిని తెలుగువారిలో ముందుగా నడచినవారిలో నాయన అగ్రగణ్యుడు.

చదువెందులకను విద్యార్థి ప్రశ్నకు ఇపుడు బదులు చెప్పవచ్చును. చదువు లేనిచో ఆ నవంబరు మధ్యాహ్నము ఆయనకు అడుగుటకు ప్రశ్నయే యుండదు. చదివితినను గర్వమున్నచో ఆ పావుగంట వేచియుండుట సాధ్యము కాదు. శాస్త్రము ఆయనను కొండపైకి తెచ్చెను. ఆ అరుగుమీద మౌనము మిగిలిన పాఠము చెప్పెను. తరగతిలో ప్రశ్న వేసి, విద్యార్థి ముఖము చూచుచు క్షణకాలము ఊరకుండు ఉపాధ్యాయునికి ఈ పాఠము కొంత తెలిసియే యుండును.